గంగమ్మ రాయి ఎత్తు

వరద నీళ్ళు పల్లానికి పారుతూ పారుతూ ఎత్తు పెరగడం నేను చూశాను. తిరుపతిలో, మా ఆఫీసు రెండో అంతస్తులో, నా కంప్యూటరు తెర మీద. అలా జరగదని బడికి పోయే పిల్లలకు కూడా తెలుసు. ఆ మాట పైకి చెప్పడానికి నాకు మూడు రోజులు పట్టింది. చెప్పాక నమ్మించడానికి పట్టిన రోజులు నేను లెక్కపెట్టలేదు. ఆ కోపం నాలో ఇంకా చల్లారలేదు.

మాది చిన్న ప్రైవేటు సర్వే ఆఫీసు. ఇద్దరు సర్వేయర్లు బయటికి వెళ్ళి డ్రోను ఎగరేసి, జీపీఎస్ పరికరంతో కొలతలు తీసుకొస్తారు. ఆ కొలతలను నేను మ్యాపుగా గీస్తాను. చేరిన కొత్తలో ఒకసారి నేనూ కొండలకు వస్తానని అడిగాను. అడిగాను అంటే, సగం వాక్యం చెప్పాను. మిగతా సగం ఆఫీసు నడిపే సార్ పూర్తి చేశారు. "కొండల్లో నువ్వెక్కడ తిరుగుతావమ్మా, చల్లగా ఏసీలో కూర్చోక!" నేను తల ఊపాను. నలుగురి ముందు నాకు గొంతు పెగలదు. మధ్యాహ్నం అందరూ క్యారేజీలు విప్పి మాట్లాడుకుంటుంటే నేను పుస్తకం ఒళ్ళో పెట్టుకుని చదువుకుంటాను. చెప్పాలనుకున్నవన్నీ సాయంత్రం ఇంటికి వెళ్ళి డైరీలో చెప్పుకుంటాను.

అలా రెండేళ్ళు చూడని కొండలను గీశాను. అదేమీ చప్పిడి పని కాదు. కాంటూరు గీతలంటే ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలుపుతూ పోయే గీతలు. అవి ఎడంగా ఉంటే నేల మెల్లగా వాలుతోందని, దగ్గర పడితే ఎక్కడం కష్టమని, ఒకదాని మీద ఒకటి పడిపోతే అక్కడ బండ గోడలా లేచిందని అర్థం. అలవాటైతే వాటిని కథలాగే చదువుకోవచ్చు. కథలో ఒక మనిషి తన స్వభావానికి సరిపడని పని చేస్తే మనకు వెంటనే తెలిసిపోతుంది చూడండి, మ్యాపులో అబద్ధం కూడా అలాగే తెలుస్తుంది.

నేను చెబుతున్న కోన పుత్తూరు దాటి తమిళనాడు సరిహద్దు వైపు పోయే కొండల్లో ఉంది. ఎర్రబండల మధ్య ఏరు తనకు తాను కోసుకున్న సందు. ఎంత ఇరుకంటే పైనుంచి డ్రోనుకు చెట్ల తలలు, వాటి కింద నీడ తప్ప మరేమీ కనపడదు. అడుగు ఎంత లోతులో ఉందో మనిషి దిగి కొలవాల్సిందే. ఏరు కొండను వదిలి మైదానంలో పడే చోట యానాదుల గుడిసెలు ఉన్నాయి. కాగితాల్లో దాని పేరు కాలనీ. ఉన్నవి మాత్రం బోదగడ్డి కప్పిన గుడిసెలు. ఎన్నాళ్ళకో వాళ్ళకు పక్కా ఇళ్ళు మంజూరయ్యాయి. అవి ఎక్కడ కట్టాలో మా మ్యాపు చూసి నిర్ణయిస్తారు. ఏరు పొంగితే నీళ్ళు ఎంతవరకు వస్తాయో మేము ఒక నీలం గీత గీయాలి. గీతకు పైన ఇళ్ళు కట్టొచ్చు, కింద కట్టకూడదు. ఆ ఒక్క గీత తప్పయితే ఆ కాలనీని తీసుకెళ్ళి ఏటిలో కూర్చోబెట్టినట్టే.

గీతకు నా దగ్గర రెండు ఆధారాలు ఉన్నాయి. ఒకటి కోన నోటి దగ్గరున్న గంగమ్మ రాయి. ఏరు పెద్దగా వస్తే గంగమ్మ రాయి దాకా వస్తుందని కాలనీ వాళ్ళు చెబితే, సర్వేయరు ఆ రాయి దగ్గర ఎత్తు కొలిచాడు. రెండోది దానికి చాలా దిగువన, రోడ్డుకు దగ్గరలో ఉన్న నేరేడు చెట్టు. దాని కొమ్మల్లో పోయిన వరద వదిలేసిన ఎండుగడ్డి, ప్లాస్టిక్ సంచులు, ఒక చిన్న పిల్ల చెప్పు చిక్కుకుని ఉన్నాయి. ఫోటో కూడా ఉంది. చెత్త చిక్కిన ఎత్తును కూడా కొలిచారు.

రెండింటినీ కలిపితే దిగువన ఉన్న చెట్టు దగ్గర నీళ్ళు ఎగువన ఉన్న రాయి దగ్గరకంటే ఎత్తుగా ఉన్నాయి.

సర్వేయర్లలో పెద్దాయన్ని నేను అన్నా అని పిలుస్తాను. మంచి పనివాడే, నోరు కొంచెం పెద్దది. మూడో రోజు ఆయన కుర్చీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను.

"అన్నా, ఈ రెండు పాయింట్లు ఒకసారి చూస్తారా?"

"ఏమైంది పాపా?"

"కింద పాయింటు పైదానికంటే ఎత్తుగా ఉంది. నీళ్ళు..."

"ఆ, నీళ్ళు?"

"ఎక్కుతున్నాయి."

ఆయన కుర్చీలోనే వెనక్కి తిరిగి కేకేశాడు. "సార్, ఇట్లా రాండి! మన పాప ఏరును కొండెక్కిస్తా ఉంది!"

ఆఫీసంతా నవ్వింది. సార్ వచ్చి తెర చూశారు. "ఆ చెట్టు పాయింటు తీసేయమ్మా. కోన నిండా కోతులు. అవి ఎక్కించి ఉంటాయి చెత్తను."

"చెప్పు కూడా ఉంది సార్" అన్నాను.

"కోతికి చెప్పు దొరకదా? తీసేయ్. రాయి పాయింటు ఊరోళ్ళు చెప్పింది, అది ఉంచు."

తీసేశాను. ఇది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను. ఒక్క బటను నొక్కితే చెట్టు పాయింటు పోయింది, నీలం గీత బుద్ధిగా కిందికి దిగింది, రోడ్డు పక్కనున్న చదునైన నేలంతా ఇళ్ళకు పనికొచ్చేదిగా మారిపోయింది. ఆ సాయంత్రం డైరీలో ఒక్క వాక్యమే రాయగలిగాను: ఈరోజు ఒక చెట్టును అబద్ధాలకోరుగా నిలబెట్టాను.

నన్ను ఆ కోనకు పంపింది ఎవరి మంచితనమూ కాదు. మ్యాపులో మడుగులు, బండలు, దారుల పేర్లు ఉండాలి. అక్కడి వాళ్ళను అడిగి ఒక రిజిస్టరులో రాసుకుని వేలిముద్రలు వేయించుకోవాలి. మా వాళ్ళు ఆ పుస్తకం నిండా "పేరు లేదు" అని రాసుకొచ్చారు. దాన్ని పై ఆఫీసు వెనక్కి తిప్పి పంపింది. సర్వేయర్లిద్దరూ అప్పటికి వేరే రోడ్డు పనిలో ఉన్నారు. "నాలుగు పేర్లు రాసుకుని రావడమే కదా, నువ్వు పోయిరా" అన్నారు సార్. ఎత్తులు కొలవడానికి పనికిరాని దాన్ని పేర్లు అడగడానికి పనికొచ్చాను.

పొద్దున్నే బస్సెక్కి, తర్వాత ఆటో, తర్వాత నడక. కాలనీకి పోయే దారికి కుడివైపు చదునులో అప్పటికే ముగ్గుపిండితో ఇళ్ళ గీతలు గీసి, మేకులు కొట్టి ఉన్నాయి. నా నీలం గీతకు సరిగ్గా పైన. నేను తెర మీద గీసినదాన్ని నేల మీద చూడడం అదే మొదలు. ఆ గీతలు తొక్కకుండా పక్కగా నడిచాను.

మొదటి గుడిసె ముందు ఒక అవ్వ కూర్చుని నన్నారి వేర్లు మట్టి దులిపి కట్టలు కడుతోంది. షర్బత్తుకు కొనుక్కుపోతారు వాటిని. చుట్టూ ఆ తీపి వాసన.

"యాడ నుంచి పాపా?"

"తిరుపతి నుంచి, అవ్వా. మ్యాపు వాళ్ళం..."

"ఓ! రాయి జరిపినోళ్ళా!"

నాకు అర్థం కాలేదు. "నేను జరపలేదు అవ్వా" అన్నాను.

"నువ్వు గాకపోతే మీవోళ్ళు. ఏమి, ఇంకేమన్నా జరపాల్నా? నేనూ అడ్డముండానా?"

పక్క గుడిసెలో నుంచి ఆమె కోడలు తొంగి చూసి నవ్వింది. "అత్తా, పాప మొగం సూడు, ఏడ్సేట్టుండాది. ఉండనీ." అవ్వ నా చేతిలో రిజిస్టరు చూసి, నా చెప్పులు చూసి, లేచింది. "ఆ చెప్పులు ఈడ్నే ఇడిసిపెట్టు. బండల మీద జారతాయి."

అలా నేను గీసిన కోనలోకి నేను నడిచాను. గీతలు ఒకదాని మీద ఒకటి పడిపోయిన చోట నిజంగానే ఎర్రటి గోడ లేచి ఉంది. తల ఎత్తితే మెడ నొప్పి పుట్టేంత ఎత్తు. తెర మీద ఆ చోటు నా చిటికెన వేలు గోరంత. మ్యాపు తప్పు చెప్పలేదు, కానీ అక్కడి చల్లదనం గురించి, నీటి చప్పుడు గోడలకు తగిలి రెండుగా వినిపించడం గురించి ఏమీ చెప్పలేదు. అవ్వ ముందు నడుస్తూ ఒక్కో పేరు చెబుతుంటే రాసుకున్నాను.

"ఇది దొంగ మడుగు. నీళ్ళు నిలకడగా ఉన్నట్టే ఉంటాయి, లోపల కాళ్ళు పట్టి లాగతాయి. అది తేనెబండ. ఆ సందు పేరు కడుపుసందు. బిడ్డనెత్తుకున్నోళ్ళు పక్కకు తిరిగి పోవాల."

మా పుస్తకంలో ఆ మూడు చోట్లా "పేరు లేదు" అని ఉంది. ఎవరిని అడిగి రాశారు? అడిగితే పేరు లేని రాయి ఒక్కటీ లేదు ఆ కోనలో.

తిరిగి కోన నోటి దగ్గరికి వచ్చాక అవ్వ ఏటి ఒడ్డున ఎత్తుగా ఉన్న ఒక వెడల్పాటి బండ మీదికి ఎక్కింది. పైన చెట్టు లేదు, ఆకాశమంతా తెరిచి ఉంది. బండ మధ్యలో ఒక ఇనుప మేకు, చుట్టూ పసుపు రంగు పెయింటుతో సున్నా. ఆ సున్నా నాకు తెలుసు. మా బేస్ పాయింటు. పనికి వెళ్ళిన మొదటి రోజు జీపీఎస్ పరికరాన్ని అక్కడ నిలబెట్టి, గంటల తరబడి కదపకుండా ఉంచి, దాని ఎత్తును వెంట్రుకవాసి తేడా లేకుండా తేల్చారు. మ్యాపులోని ప్రతి ఎత్తూ ఆ మేకు నుంచి లెక్కగట్టిందే.

సున్నా పక్కన బండ మీద నూనె జిడ్డుతో నల్లబడిన మచ్చ ఉంది. దాని అంచుల్లో పాత పసుపు.

"ఈడుండె మా గంగమ్మ" అంది అవ్వ.

నేను వంగి ఆ మచ్చను వేలితో తాకాను. ఆమే చెప్పింది.

"ఏరు పెద్దగా వచ్చి తీసినాక, తడి ఎంతదాకా ఎక్కిందో సూసి, గంగమ్మను ఆడికి ఎత్తుకోని పోయి పెడతాము. అమ్మ గట్టున కూసోవాల గదా, నీళ్ళల్లో ఎట్లా కూసుంటాది? మా అత్త కాలంలో ఆ కింద గుండు కాడ ఉండె. నాకు పెండ్లయినాక వచ్చిన ఏటికి ఈడికి తెచ్చినాము. నేనూ ఒక చెయ్యి ఏసినా. మొన్నటి ఏరు గూడా ఈడి దాకా వచ్చిందే గానీ దాటలేదు."

"మళ్ళీ కిందికి దించరా?"

"దించేదానికి ఎవురికుండాది అధికారం? ఏరు పైకి పొమ్మంటే పోతాము. కిందికి దిగమని ఏరు మాకు ఎప్పుడూ సెప్పలేదు."

"మరి ఇప్పుడు ఎక్కడుంది?"

అవ్వ గడ్డంతో చూపించింది. బండకు దిగువన, రెండు నిలువుల లోతులో, కానగచెట్టు నీడలో పసుపు పూసిన రాయి. ముందర ఎండిపోయిన టెంకాయ చిప్ప.

"మూడుకాళ్ళ గడ పెట్టుకునేదానికి చోటు కావాలన్నారు. వద్దు సామీ అన్నాము. పసుపు పూసినారు, టెంకాయ కొట్టినారు, దండం పెట్టినారు, ఎత్తుకోని పోయినారు. అమ్మకు నీడుంటాదిలే అవ్వా అన్నారు. ఎవురు కొట్టమన్నారు వాళ్ళను టెంకాయ?"

"మీరు మళ్ళీ తెచ్చి ఇక్కడే పెట్టుకోవచ్చు కదా అవ్వా?"

"ఏరు రాకుండా ముట్టగూడదు పాపా. అది ఆట గాదు." కానగచెట్టు వైపే చూస్తూ అంది, "కొన్నాళ్ళకు ఇంకో ఆయప్ప వచ్చినాడు. ఏరు యాడదాకా వస్తాదని మావోళ్ళను అడిగినాడు. గంగమ్మ రాయి దాకా అన్నారు. ఆయప్ప నేరుగా కానగచెట్టు కిందికి పోయి కొలుసుకున్నాడు. ఈడ కాదు సామీ, ఈడ కాదు అని నేను అరస్తానే ఉండా. ఎవురన్నా ఆ అవ్వను దూరంగా జరపండి, సిగ్నల్ పోతాది అన్నాడు."

నేను బండ మీద కూర్చుండిపోయాను. నా నోటుపుస్తకంలో రాయి, చెట్టు, మేకు మూడింటి ఎత్తులూ రాసి ఉన్నాయి. రాయి ఎత్తును కొట్టేసి, దాని చోట మేకు ఎత్తు రాశాను. కింద చెట్టు ఎత్తు రాశాను. నీళ్ళు దిగాయి. కోన నోటి నుంచి నేరేడు చెట్టు దాకా, ఏ ఏరైనా దిగేటట్టే దిగాయి. కోతులు ఏమీ ఎక్కించలేదు.

అప్పుడు నాకు వచ్చిన కోపం ఎలాంటిదో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఆ మ్యాపు మొత్తంలో మా వాళ్ళు అన్నిటికంటే కచ్చితంగా కొలిచింది ఏరు ఎక్కిన ఆ చోటునే. అదేమిటో తెలియకుండా కొలిచారు. తెలిసినవాళ్ళు పక్కనే నిలబడి అరుస్తుంటే సిగ్నల్ పోతుందన్నారు.

బండ మీద నుంచి చూస్తే ముగ్గు గీతలు బాగా కనిపించాయి. అన్నీ బండ మీది ఇనుప మేకుకు దిగువనే. అవ్వ ఏటికి దగ్గరగా ఉన్న వరస చూపించింది. "ఆ మూలది మాది. కోడలికి ఇద్దరు బిడ్డలు. ఆ పైన మిట్ట మీద అడిగినాము. రోడ్డుకు దూరమన్నారు. ఆఫీసర్లు కారు దిగి నడవాల గదా."

మరుసటి రోజు ఆఫీసులో నేను మొదటిసారి ఎవరూ పిలవకుండా సార్ గదిలోకి వెళ్ళాను. రాసిన కాగితం బల్ల మీద పెట్టాను. నోటితో చెప్పలేనని తెలిసి ముందే రాసుకున్నాను.

సార్ చదివి నవ్వలేదు. నవ్వి ఉంటే నాకు కొంచెం నయంగా ఉండేది. "ప్రూఫ్ ఏముందమ్మా? నూనె మరకా? ఇప్పుడు ఈ ముసలమ్మ మాట విని గీత మారిస్తే రేపు ఇంకో ముసలమ్మ ఇంకో రాయి చూపిస్తుంది. మనం సర్వే వాళ్ళమా, జాతర వాళ్ళమా?"

అన్నను పిలిపించారు. ఆయన ముఖం నిజంగా చిన్నబోయింది. "పాపా, నేను చెప్పులు విప్పి ఎత్తినాను ఆ రాయిని. శుక్రవారమని ఆ రోజు గుడ్డు కూడా తినలేదు. టెంకాయ నా చేత్తోనే కొట్టినా. ఇంకేం చేయాలి నేను?"

అడిగి ఉంటే చాలు. ఈ మూడు మాటలు నా నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయాయి. ఆయన భక్తిని నేను అనుమానించలేదు. అమ్మవారికి భయపడ్డాడు. ఆ రాయి అక్కడే ఎందుకుందో అడగాలని మాత్రం తోచలేదు. గుడి కనపడితే మొక్కడం వచ్చిన మనకు, ఆ గుడి ఒక కొలబద్ద కావచ్చని, దాన్ని నిలబెట్టినవాళ్ళు మనలాగే కొలిచేవాళ్ళు కావచ్చని తట్టదు. బీద మనుషులు ఏది చేసినా మొక్కుబడే అనుకుంటాం.

మ్యాపు షీటు కింద కుడిమూలన మూడు గళ్ళు ఉంటాయి. సర్వే చేసినవారు, గీసినవారు, తనిఖీ చేసినవారు. తనిఖీ చేసే ఇంజనీరు మానేసి వెళ్ళిపోయాడు కాబట్టి ఆ గడిలో కూడా నన్నే సంతకం పెట్టమన్నారు. షీటు నా బల్ల మీద పెట్టారు. నేను పెట్టలేదు. పెట్టనని చెప్పలేదు, ఊరికే పెట్టలేదు. వాదించడం నాకు చేతకాదు కానీ, కలం ముట్టకుండా కూర్చోవడం నాలాంటి వాళ్ళకు సులువు. సార్ అటు పోతూ ఒకసారి, ఇటు వస్తూ ఒకసారి ఆ గడిని చూసేవారు. "ఏమ్మా, పెన్ను లేదా?" అనేవారు. చివరికి అలాగే చుట్ట చుట్టి, చిత్తూరు వైపు ఒక ప్రభుత్వ కార్యాలయానికి తీసుకెళ్ళారు. షీట్లు మోయడానికి నన్నూ రమ్మన్నారు.

అక్కడ ఆ పని చూసే అధికారి ఒక మేడమ్. షీటు మీద పేపర్ వెయిట్లు పెట్టి చూసుకుంటూ పోయి, మూలకు వచ్చి ఆగింది. "ఇది ఖాళీగా ఉందేం?"

"అమ్మాయి కొత్త మేడమ్, మర్చిపోయింది" అన్నారు సార్, నవ్వుతూ.

"మర్చిపోలేదు మేడమ్."

అది నా గొంతేనని నాకు ఒక క్షణం ఆలస్యంగా తెలిసింది. మేడమ్ నన్ను చూసింది. కాగితం, నేరేడు చెట్టు ఫోటో ఆమె ముందు పెట్టి, మేకు ఎత్తు, చెట్టు ఎత్తు, ఇళ్ళ గీతల ఎత్తు వేలితో చూపించాను. నాలుగు వాక్యాలు చెప్పాను. నాలుగో వాక్యం సగంలో ఏడుపొచ్చింది, మింగేశాను.

"మేకు దాకా నీళ్ళొచ్చాయని ఎవరన్నారు?"

"ఆ కాలనీ అవ్వ, మేడమ్. వాళ్ళు ఏరు వచ్చినప్పుడల్లా రాయిని..."

"అది పక్కన పెట్టు. ఈ చెట్టు పాయింటు ఎందుకు తీసేశారు?"

సార్ కోతుల మాట ఎత్తలేదు. "నాయిస్ అనుకున్నాం మేడమ్" అన్నారు. పనికిరాని కొలత అని దానికి మా భాషలో అర్థం.

మేడమ్ ఫోటోలో చెప్పును చాలాసేపు చూసింది. తర్వాత పెన్సిలు తీసుకుని నీలం గీతను కొట్టేసింది. చెట్టు లెక్క ప్రకారం మళ్ళీ గీయమని, అంతవరకు అక్కడ పునాది తవ్వకూడదని చెప్పింది. ఆమె మంచి పని చేసింది. కాదనను. కానీ అవ్వ మాటను ఆమె కూడా పక్కనే పెట్టింది. నేరేడు చెట్టును నమ్మింది. కొలిచేవాడికి ఇరవై అడుగుల దూరంలో నిలబడి గొంతు చించుకున్న మనిషిని కాదు.

గీత మళ్ళీ గీశాను. అది బండ మీది ఇనుప మేకు పక్కగా పోయింది. కొన్ని వారాలకు ఇళ్ళ స్థలాలు మిట్ట మీదికి మార్చారు. మేకులు కొట్టే రోజు సార్ నన్ను పంపారు, ఈసారి అడగకుండానే. అన్న కూడా వచ్చాడు. అవ్వ ముగ్గు గీత వెంట నడుచుకుంటూ పోయి ఒక మేకు దగ్గర ఆగింది. "దీన్ని ఇంకో నాలుగు అడుగులు అటు జరుపు."

"ఎందుకవ్వా, ఏరు ఇంతదూరం వస్తుందా?" అని అన్న భయంగా అడిగాడు.

"ఏరు గాదు. అది నా కోడలిల్లు. మరీ ఇంత దగ్గరొద్దు."

కోడలు పగలబడి నవ్వింది. అన్న మేకు పీకి నాలుగు అడుగులు అవతల కొట్టాడు.

ఇళ్ళు మిట్టెక్కాయి కాబట్టి నేను ఊరుకోవాలి. అందరూ అదే అంటారు. కానీ మ్యాపు మూలన, వరద గీతకు ఆధారం ఏమిటో రాసే ఒక వరస ఉంటుంది. అందులో నేను ఇలా రాశాను: "ఏరు ఎక్కిన ప్రతిసారీ గంగమ్మ రాయిని తడి అంచుకు జరుపుతూ వచ్చిన కాలనీవాసుల గుర్తు ప్రకారం, నేరేడు చెట్టు మీది ఆనవాళ్ళతో సరిచూడబడింది." సార్ దాన్ని కొట్టేసి "జీపీఎస్, డ్రోన్ సర్వే ద్వారా" అని రాశారు. నేను మళ్ళీ రాశాను. ఆయన మళ్ళీ కొట్టేశారు.

"ఇళ్ళు పైకి పోయినాయి కదమ్మా. ఇంకేంది నీ బాధ?"

"డ్రోనుకు ఆ కోన అడుగే కనపడలేదు సార్" అన్నాను. ఇప్పుడు నాకు కాస్త గొంతు వచ్చింది. "దానికి తెలిసింది ఏమీ లేదు. తెలిసినవాళ్ళు వేరే. వాళ్ళు చెప్పారని రాయకపోతే ఇంకో కోనకు పోయినప్పుడు కూడా మనం ఎవరినీ అడగం."

"ముసలమ్మ చెప్పిందని రాస్తే ఈ మ్యాపును ఎవరు నమ్ముతారు?"

"చెప్పినా నమ్మనందుకే కదా సార్ మొదటి మ్యాపు తప్పయింది."

సార్ షీటు తన వైపు లాక్కుని, "నోరొచ్చింది నీకు" అన్నారు. షీటు మాత్రం ఆయన రాసినట్టే అచ్చయింది. తనిఖీ గడిలో నా సంతకం ఉంది. గీత సరిగ్గా ఉంది కాబట్టి పెట్టాను. ఆ ఒక్క వరస కింద పెట్టినందుకు మాత్రం నాకు ఇప్పటికీ నా మీద కోపమే.

కాలనీకి ఒక కాపీ ఇవ్వాలని నియమం ఉంది. సాధారణంగా పోస్టులో పంపి చేతులు దులుపుకుంటారు. నేనే తీసుకెళ్ళాను. బస్సులో కూర్చుని, ఆ కాపీ మీద అచ్చు వరసను నీట్‌గా కొట్టేసి, పక్కన నా చేత్తో నేను రాయాలనుకున్న వాక్యం రాశాను. దొంగ మడుగు, తేనెబండ, కడుపుసందు పేర్లు అచ్చులోనే ఉన్నాయి. వాటిని ఎవరూ కొట్టేయలేదు.

అవ్వ కట్టబోయే ఇంటి పునాది గుంతల పక్కన కూర్చుని ఉంది. మ్యాపు నేల మీద పరిచి నాలుగు మూలలా రాళ్ళు పెట్టాను. ఆమెకు చదవడం రాదు. ఏరు ఎక్కడుందో, మిట్ట ఎక్కడుందో వేలితో చూపిస్తే తల ఊపింది. మూలన సిరా ఇంకా కొత్తగా మెరుస్తున్న చోటు చూసి అడిగింది.

"ఈడేందో పెన్నుతో రాసినావే, ఏమి?"

చదివి వినిపించాను. మెల్లగా, ఒక్కో మాట. వింటున్నంతసేపూ ఆమె నా ముఖంలోకే చూసింది. మెచ్చుకుంటుందని ఆశపడ్డాను, దాచుకోవడం ఎందుకు.

"ఇది మాకు తెలిసిందే గదా పాపా" అంది అవ్వ. "మా కాయితం మీద రాస్తే ఏమొస్తాది? పోయి వాళ్ళ కాయితం మీద రాయి."